జీతం దేనికిస్తారంటే...



విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో చీకటి పడ్డాక సముద్రం వైపు చూస్తే దూరంగా దీపాల వరస ఒకటి కనిపిస్తుంది. అవతల ఏదో ఊరున్నట్టే ఉంటుంది. అవి రేవులో బెర్తు ఖాళీ అయ్యేదాకా లంగరేసుకుని కూర్చున్న ఓడలు. బొగ్గు తెచ్చినవి, నూనె తెచ్చినవి, ఖనిజం ఎక్కించుకోవడానికి వచ్చినవి. ఒక్కో ఓడలో ఇరవై మందో పాతికమందో ఉంటారు. బీచ్ రోడ్డు దీపాలు వాళ్ళకూ కనిపిస్తుంటాయి గానీ, ఒడ్డుకొచ్చి ఒక కప్పు టీ తాగి వెళ్ళే వీలు మాత్రం ఉండదు.

అలాంటి ఓడల మీద ఆఫీసరు ఉద్యోగం గురించి ఈ పూట నన్ను మాట్లాడమన్నారు. ముందు ఒక సంగతి తేల్చేయాలి. మా విశాఖలో నేవీ అనగానే అందరికీ తూర్పు నౌకాదళమే గుర్తొస్తుంది. తెల్ల యూనిఫారం, క్యాంటీను కార్డు, రిటైరయ్యాక పెన్షను. మర్చంట్ నేవీ అది కాదు. ఇది సరుకు మోసే వ్యాపారం. ఇందులో తుపాకీ లేదు, పెన్షనూ లేదు. ఓడ గ్రీసు యజమానిది కావచ్చు, దాని మీద ఎగిరే జెండా పనామాదో లైబీరియాదో కావచ్చు, నడిపించే కంపెనీ సింగపూర్‌లో ఉండొచ్చు. బ్రెజిల్‌లో ఖనిజం ఎక్కించుకుని చైనాలో దింపుతుంది. దాన్ని నడుపుతున్నది మాత్రం మన శ్రీకాకుళం కుర్రాడో, కరీంనగర్ కుర్రాడో అయి ఉండొచ్చు. సముద్రం ముఖం చూడని జిల్లాల నుంచి వచ్చి మంచి కెప్టెన్లయినవాళ్ళు చాలామంది నాకు తెలుసు.

పెళ్ళి సంబంధాల దగ్గరా, కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదా ఈ ఉద్యోగం గురించి రెండే మాటలు వినిపిస్తాయి. డాలర్లలో జీతం, దేశదేశాలూ తిరగొచ్చు. మొదటిది నిజం. రెండోది మా సీనియర్ల కాలం నాటి మాట. అప్పుడు ఓడ ఒక రేవులో వారం పది రోజులు ఉండేది, బస్తాలు క్రేన్లతో దింపేవాళ్ళు, సాయంత్రం ఊళ్ళోకి వెళ్ళి రావచ్చు. ఇప్పుడు కంటైనర్ ఓడ రేవులో ఉండేది గంటల లెక్కే. ఆ గంటల్లోనే సరుకు, సర్వేలు, తనిఖీలు, సామాన్లు. రోటర్‌డామ్ వెళ్ళొచ్చానంటాడు కుర్రాడు. చూసింది క్రేన్లే.

కాబట్టి ఆ రెండు మాటలూ పక్కన పెట్టి, ఎవరూ అడగని మూడోది చెబుతాను. అసలు ఆ జీతం దేనికిస్తారు?

ఓడ రాత్రిపూట ఆగదు. రోజును నాలుగేసి గంటల చొప్పున పంచుకుని ముగ్గురు ఆఫీసర్లు వంతులవారీగా నడుపుతారు. ఈ వంతునే వాచ్ అంటాం. ఎనిమిది నుంచి పన్నెండు థర్డ్ మేట్‌ది. పన్నెండు నుంచి నాలుగు సెకండ్ మేట్‌ది. నాలుగు నుంచి ఎనిమిది చీఫ్ మేట్‌ది. పగలొకసారి, రాత్రొకసారి. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు.

అర్ధరాత్రి పన్నెండింటికి వాచ్ ఎక్కాల్సిన సెకండ్ మేట్ పదిహేను నిమిషాలు ముందే బ్రిడ్జి మీదికి వస్తాడు. ఓడ నడిపే గదిని బ్రిడ్జి అంటాం. అక్కడ కావాలనే చీకటిగా ఉంచుతారు. వెలుతురులోంచి వచ్చిన కళ్ళు ఆ చీకటికి అలవాటు పడేదాకా వాచ్ పుచ్చుకోకూడదు. రాడార్ తెర మీద సన్నటి వెలుగు, ఎలక్ట్రానిక్ చార్టు మీద మన దారి గీత, పక్కన ఎర్ర బల్బు కింద కెప్టెన్ రాసి పెట్టిన నైట్ ఆర్డర్ బుక్. చదివి సంతకం పెట్టాలి. ప్రపంచంలో ఏ కెప్టెన్ రాసినా ఆ పుస్తకంలో ఒక వాక్యం తప్పక ఉంటుంది. ఏమాత్రం అనుమానం వచ్చినా నన్ను పిలవండి, అని. పిలవడానికి మొహమాటపడే ఆఫీసరంటే నాకు భయం. పొరపాటున పిలిచినవాణ్ణి కెప్టెన్ విసుక్కోవచ్చు, మర్నాటికి మరిచిపోతాడు. పిలవాల్సినప్పుడు పిలవనివాడితోనే అసలు ప్రమాదం.

పైనున్న ఆఫీసరు కునుకు తీస్తాడేమోనని ఒక యంత్రం కూడా పెట్టారు. కొద్ది నిమిషాలకోసారి దీపం వెలుగుతుంది, బటను నొక్కాలి. నొక్కకపోతే అక్కడే బజరు మోగుతుంది. అప్పటికీ నొక్కకపోతే కెప్టెన్ గదిలో మోగుతుంది. అంతవరకు రానిచ్చినవాడు మర్నాడు కెప్టెన్‌కు ముఖం చూపించడం కష్టం.

ఇప్పుడు కుడిచేతి వైపు దూరంగా ఒక ఎర్ర దీపం కనిపించిందనుకుందాం. ఓడకు కుడివైపు ఆకుపచ్చ దీపం, ఎడమవైపు ఎర్ర దీపం ఉంటాయి. మన కుడివైపు ఎర్ర దీపం కనిపించిందంటే, అవతలి ఓడ తన ఎడమ పక్కను మనకు చూపిస్తూ మన దారికి అడ్డంగా వస్తోందని అర్థం. 1972లో దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న సముద్రపు రోడ్డు నియమాల ప్రకారం, తన కుడివైపున ఉన్న ఓడకు దారి ఇవ్వాల్సింది ఇవతలివాడు. అంటే మనమే తప్పుకోవాలి. ఎప్పుడు తప్పుకోవాలి, ఎంత తప్పుకోవాలి? ఆఫీసరు బ్రిడ్జి బయటి రెక్క మీదికి వెళ్ళి, దిక్సూచి మీంచి ఆ దీపాన్ని గురి చూస్తాడు. కొద్ది నిమిషాలాగి మళ్ళీ చూస్తాడు. దీపం ముందుకో వెనక్కో జరుగుతుంటే ఫరవాలేదు. అదే గీత మీద కదలకుండా నిలబడి, దగ్గరవుతూ ఉంటే మాత్రం రెండు ఓడలూ ఒకే చోటికి వెళ్తున్నాయన్నమాట. అక్కడితో ఆలోచన చాలించి, కుడివైపుకి బాగా తిప్పి, అవతలివాడికి స్పష్టంగా తెలిసేలా వాడి వెనక నుంచి వెళ్ళాలి. రాడార్ ఉంది, కంప్యూటర్ ఉంది, అవి లెక్కలు కట్టి ఇస్తాయి. అయినా ఈ కంటిచూపు మానెయ్యమని ఏ నియమమూ చెప్పలేదు. మానెయ్యొద్దని మాత్రం గట్టిగా చెప్పింది.

నిండా సరుకున్న పెద్ద ఓడకు బ్రేకు లేదు. ఇంజను వెనక్కి తిప్పినా పూర్తిగా ఆగేసరికి కిలోమీటర్లు పోతుంది. ఎదురెదురుగా వచ్చే రెండు ఓడల వేగం కలిపి పాతిక నాట్లుంటే, అంటే గంటకు పాతిక సముద్రపు మైళ్ళుంటే, ఆరు మైళ్ళ దూరం కరిగిపోవడానికి పావుగంట చాలు. ఆ పావుగంటలో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఒక్కడే నిర్ణయం తీసుకోవాలి. కింద ఇరవై మంది నిద్రపోతున్నారు. కాళ్ళ కింద లక్ష టన్నుల సరుకు ఉంది. జీతం దానికిస్తారు.

మన తీరం దగ్గర మరో చిక్కు. కాకినాడ ఎదురుగానో, భీమిలి ఎదురుగానో రాత్రి వస్తుంటే, రాడార్‌లో సరిగా పడని చిన్న చేపల పడవలు పదుల కొద్దీ ఉంటాయి. నియమం ప్రకారం వాటికి వేటాడుతున్నట్టు చెప్పే దీపాలుండాలి. చాలా పడవల్లో ఉండేది ఒక టార్చిలైటు. పెద్ద ఓడ మీదికొస్తుంటే దాన్ని అటూ ఇటూ ఊపుతారు. ఆ వెలుగు ఏ వల చివరిదో, ఏ వైపుకి వల పరుచుకుని ఉందో మనమే ఊహించుకోవాలి. తెలుగువాడు వాచ్‌లో ఉన్నప్పుడు ఆ టార్చి వెలుగు చూస్తే కలిగే దిగులు వేరు. ఆ పడవలో ఉన్నది మనవాళ్ళే కదా.

కళ్ళు తెరుచుకుని నిలబడటం వల్ల ఏమవుతుందో చెప్పడానికి ఒక నిజమైన ఘటన ఉంది. 2015 జూన్ నెలలో బంగాళాఖాతంలో దుర్గమ్మ అనే చేపల పడవ ఇంజను చెడి, లంగరు పోగొట్టుకుని కొట్టుకుపోతోంది. అందులో ఏడుగురు. తిండీ నీళ్ళూ అలలకు పోయాయి. చేపల కోసం తెచ్చుకున్న ఐసు కరిగించుకుని బతుకుతున్నారు. షిప్పింగ్ కార్పొరేషన్ వారి చమురు ఓడ సంపూర్ణ స్వరాజ్య ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర అటుగా వెళ్తోంది. వాచ్‌లో ఉన్న సెకండ్ మేట్‌కు రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఆ పడవ కనబడింది. పాతిక అడుగులకు మించిన అలలు, అరవై నాట్లకు మించిన గాలి, కుండపోత వాన. ఆ పరిస్థితిలో చమురు ఓడను ఒక చిన్న పడవ పక్కకు తేవడమంటే పడవను మనమే నుజ్జు చేసే ప్రమాదం ఉంది. కెప్టెన్ రాధికా మేనన్ రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి పడవను పక్కకు రప్పించి, పైలట్ నిచ్చెన వేసి ఏడుగురినీ పైకి లాగించారు. వాళ్ళలో పదిహేనేళ్ళ పిల్లాడున్నాడు, యాభై ఏళ్ళాయన ఉన్నాడు. అందుకు 2016లో అంతర్జాతీయ సముద్ర సంస్థ ఆమెకు సాహస పురస్కారం ఇచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆవిడే. కెప్టెన్‌గా ఆవిడ చూపిన తెగువకు దండం పెడతాను. దానితోపాటు, ఆ వానలో రెండున్నర కిలోమీటర్ల దూరాన నీళ్ళ మధ్య ఒక చుక్కను చూసిన ఆ సెకండ్ మేట్ కళ్ళకూ దండం పెడతాను.

రాధికా మేనన్ గారు ఉద్యోగంలో చేరింది రేడియో ఆఫీసరుగా. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఆ ముక్క చెప్పకుండా ఉండలేను. మోర్స్ కోడ్‌లో టకటకలాడించే రేడియో ఆఫీసరు ఒకప్పుడు ప్రతి పెద్ద ఓడలో ఉండేవాడు. ఉపగ్రహాల పద్ధతి వచ్చి 1999 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి రావడంతో ఆ ఉద్యోగమే పోయింది. ఆవిడ మళ్ళీ చదువుకుని, ఓడ నడిపే డెక్ ఆఫీసర్ల పరీక్షలు రాసి, కెప్టెన్ అయ్యారు. ఆడపిల్లలకు ఓడలేమిటని ఇంకా అనేవాళ్ళున్నారు. 2021 నాటి లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 19 లక్షల మంది నావికులుంటే అందులో ఆడవాళ్ళు పాతిక వేలు కూడా లేరు. తక్కువే. కానీ దారి మూసి లేదు.

ఇక కింద ఇంజను గది. మూడు నాలుగు అంతస్తుల ఎత్తు ఇంజను, నిమిషానికి వంద చుట్ల లోపే తిరుగుతుంది గానీ దాని గుండె చప్పుడు ఓడంతా వినిపిస్తుంది. ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటుతుంది. చెవులకు మఫ్స్, ఒంటికి బాయిలర్ సూటు. ఫోర్త్ ఇంజనీరుకు ప్యూరిఫయర్లు, కంప్రెసర్లు అప్పజెబుతారు. థర్డ్ ఇంజనీరుకు జనరేటర్లు, బాయిలర్. సెకండ్ ఇంజనీరు మెయిన్ ఇంజను చూస్తూ అందరి చేతా పని చేయిస్తాడు. చీఫ్ ఇంజనీరు జవాబు చెప్పుకుంటాడు. మెకానిక్ షెడ్డులో చేతికి గ్రీసు అంటుకుంటే మురిసిపోయే కుర్రాడికి ఇంతకంటే మంచి చోటు లేదు. కంప్యూటర్ ముందు ఏసీలో కూర్చోవడమే ఇంజనీరింగ్ అనుకునేవాడు మాత్రం ఇటు రావద్దు.

కరెంటు పోయిందనుకోండి. నియమం ప్రకారం నలభై అయిదు సెకన్లలో ఎమర్జెన్సీ జనరేటర్ అందుకోవాలి. 2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడకు ఇలాగే కరెంటు పోయింది. నాలుగైదు నిమిషాల్లో వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన కూలి, దాని మీద మరమ్మతు పని చేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఓడ నుంచి ముందే మేడే అనే ఆపద పిలుపు వెళ్ళడంతో పోలీసులు వంతెన మీదికి వచ్చే బండ్లను ఆపగలిగారు. లేకపోతే ఇంకెంతమంది పోయేవారో. ఆ ఓడ సిబ్బందిలో ఒక్క శ్రీలంక ఆయన తప్ప మిగతా అందరూ భారతీయులే. తర్వాత దర్యాప్తు పేరుతో వాళ్ళ ఫోన్లు తీసేసుకున్నారు, వారాల తరబడి ఓడ దిగే వీల్లేకపోయింది. ఆఫీసరు సంతకానికి ఉన్న బరువు అలాంటప్పుడు తెలుస్తుంది.

మనవాళ్ళకు ఆఫీసరు బల్ల దగ్గర చోటు దొరకడం కూడా పాత కథ కాదు. కోరంగిలో తెరచాప ఓడలు కట్టిన చేతులు మనవే అయినా, ఇంగ్లీషువాళ్ళ ఆవిరి ఓడల్లో మనవాడు ఖలాసీ, బొగ్గు విసిరేవాడు, వంటవాడు. 1919 ఏప్రిల్ 5న భారతీయులే పెట్టిన సింధియా కంపెనీ ఓడ లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఆ తేదీనే ఇప్పటికీ జాతీయ నౌకాయాన దినంగా జరుపుకుంటాం. భారతీయ కుర్రాళ్ళను ఆఫీసర్లుగా తయారు చేయడానికి బొంబాయిలో డఫరిన్ శిక్షణ నౌక మొదలయింది 1927లో. అదే సింధియా కంపెనీ విశాఖలో కట్టిన ఓడ జల ఉష 1948 మార్చి 14న నీటిలోకి దిగింది. ఇవాళ ప్రపంచంలో నావికులను పంపే మొదటి అయిదారు దేశాల్లో మనమొకరం.

మరి చేరేదెలా? మా ఇంటికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. ఇంటర్‌లో ఎంపీసీ ఉండాలి, ఆ మూడు సబ్జెక్టుల్లో కలిపి 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం మార్కులు కావాలి. బైపీసీ వాళ్ళకు ఆఫీసరు దారి లేదు. ఈఏపీసెట్ ర్యాంకు ఇక్కడ పనికిరాదు. 2008లో చెన్నై కేంద్రంగా పెట్టిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ నిర్వహించే ఐఎంయూ సెట్ రాయాలి. డెక్ వైపు వెళ్ళాలంటే ఏడాది డిప్లొమా కోర్సుంది, మూడేళ్ళ బీఎస్సీ నాటికల్ సైన్స్ ఉంది. ఇంజను వైపు నాలుగేళ్ళ బీటెక్ మెరైన్ ఇంజనీరింగ్. మామూలు కాలేజీలో మెకానికల్ చదివినవాడు పైన ఏడాది కోర్సు చేసి రావచ్చు. మన విశాఖలోనూ ఆ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, కానీ అది ప్రధానంగా ఓడలు డిజైను చేసే చదువుకు పేరుపొందింది. మావాడు వైజాగ్ క్యాంపస్‌లో చేరాడు, ఇక కెప్టెనే అని పొంగిపోయే ముందు కోర్సు పేరు చదువుకోండి.

అసలు మెలిక ఇక్కడుంది. క్లాసులో కూర్చున్నంత మాత్రాన ఆఫీసరు కాలేడు. డిప్లొమా దారిలో వచ్చినవాడు పద్దెనిమిది నెలలు, బీఎస్సీ వాడు పన్నెండు నెలలు కేడెట్‌గా ఓడ మీద తిరిగి శిక్షణ పుస్తకం నింపాలి. అప్పుడే సెకండ్ మేట్ పరీక్షకు అర్హత. కేడెట్‌ను తీసుకోవడానికి ఓడలో ఒక మంచం, ఒక కంపెనీ ఒప్పుకోలు కావాలి. సీట్లు బోలెడు, మంచాలు కొన్నే. చదువు పూర్తయి సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని, ముంబయి అంధేరీలో కంపెనీ ఆఫీసుల మెట్లెక్కి దిగుతూ ఏడాదో రెండేళ్ళో గడిపిన కుర్రాళ్ళను చూశాను. కొందరు తిరిగొచ్చి ఊళ్ళో మెడికల్ షాపు పెట్టుకున్నారు. అందుకే కాలేజీ పేరు కంటే ముందు అడగాల్సింది, ఏ కంపెనీ స్పాన్సర్ చేస్తోంది, ఓడ ఎక్కించే మాట కాగితం మీద ఉందా అని. స్పాన్సర్‌షిప్ లేకుండా లక్షలు పోసి చేరడమంటే, రైలు వస్తుందో రాదో తెలియని స్టేషన్‌లో పరుపు పరుచుకున్నట్టే.

ఈ సందులోనే ఏజెంట్లు దూరారు. పదో తరగతి పాసయినవాణ్ణి ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సులో చేర్చి, మర్చంట్ నేవీ ఆఫీసరని ఇంట్లో చెప్పుకోమంటారు. ఆఫీసర్ల కింద పనిచేసే రేటింగ్‌ది గౌరవమైన పనే. వాళ్ళ పెద్ద సారంగు లేకపోతే ఓడ రేవు కట్టదు. కానీ అది ఆఫీసరు ఉద్యోగం కాదు, ఆ దారిలోంచి పైకి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఇంకొందరు ఓడ ఎక్కిస్తామని నాలుగైదు లక్షలు పుచ్చుకుంటారు. ఉద్యోగం ఇప్పించడానికి నావికుడి దగ్గర రూపాయి పుచ్చుకోవడం చట్టప్రకారం నేరం. ఓడ ఎక్కించే కంపెనీకి ఆర్‌పీఎస్‌ఎల్ అనే లైసెన్సు ఉండాలి. ఆ జాబితా, గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థల జాబితా డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వాళ్ళ దగ్గర అందరూ చూసుకునేలా ఉంటాయి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు పెట్టక, పొలం అమ్మి డబ్బు కట్టినవాళ్ళున్నారు.

అలా ఎక్కినవాళ్ళకు ఏమవుతుందో కూడా చెప్పాలి. ఊరూ పేరూ లేని యజమాని పాత ఓడ. ఆర్నెల్లు జీతం రాదు. ఒకరోజు యజమాని ఫోనెత్తడం మానేస్తాడు. ఓడ ఏదో రేవు బయట లంగరేసి ఉంటుంది. డీజిల్ అయిపోతుంది, బియ్యం అయిపోతుంది. దిగిపోతే జీతం బాకీ పోతుంది, దిగడానికి ఆ దేశం వీసా ఇవ్వదు. దీన్నే ఓడను గాలికొదిలేయడం అంటారు. 2024లో ప్రపంచంలో మూడు వందలకు పైగా ఓడలను ఇలా వదిలేశారు. చిక్కుకున్న మూడు వేల పైచిలుకు మందిలో అన్నిటికంటే ఎక్కువ మంది మన దేశంవాళ్ళే.

మంచి కంపెనీలో ఎక్కాడనుకుందాం. కేడెట్‌కు మొదటి నెలల్లో స్టీరింగు ఇవ్వరు. తుప్పు గోకే సుత్తి ఇస్తారు. డెక్ మీద ఎండలో తుప్పు గోకు, రంగు వెయ్యి, హోల్డు కడుగు, ట్యాంకుల్లో నీళ్ళెంతున్నాయో టేపు దించి కొలువు. సాయంత్రం స్నానం చేసి బ్రిడ్జి మీదికొచ్చి నియమాలు అప్పజెప్పు. మా వాడు బాగా చదువుకున్నాడండీ, కూలిపని చేయిస్తున్నారట, అని ఒక తల్లి నాతో వాపోయింది. తల్లీ, రేపు వాడు పనివాళ్ళకు ఆ పని చెప్పాలంటే ఇవాళ వాడి చేతులకు తెలియాలి అన్నాను. తర్వాత పరీక్షలు. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కుతారు. మౌఖిక పరీక్షలో ఎదురుగా సర్వేయర్ కూర్చుని బొమ్మ ఓడలు అటూ ఇటూ పెట్టి, ఇప్పుడేం చేస్తావంటాడు. నియమాలు అక్షరం పొల్లుపోకుండా వచ్చినవాడు కూడా అక్కడ తడబడతాడు. అక్కడ తడబడితేనే మంచిది, సముద్రం మీద కాకుండా. థర్డ్ మేట్ నుంచి కెప్టెన్ అయ్యేసరికి ఇంచుమించు పదేళ్ళు పడుతుంది.

డబ్బు మాట దాటవేస్తున్నానని అనుకోకండి. బాగానే ఇస్తారు. కానీ చాలా కంపెనీల్లో ఓడ ఎక్కిన రోజు నుంచి దిగిన రోజు వరకే జీతం. ఇంటి దగ్గరున్న మూడు నాలుగు నెలలూ పైసా రాదు. ఏడాదిలో సగానికి పైగా రోజులు దేశం బయట గడిపితే ఎన్నారై లెక్కలోకి వచ్చి ఆదాయపు పన్ను కలిసొస్తుంది. నాలుగు రోజులు తక్కువైతే ఆ లాభం ఎగిరిపోతుంది. అందుకే మార్చి నెలలో పాస్‌పోర్టు ముద్రలు లెక్కపెట్టుకోని నావికుడుండడు. పెన్షను లేదు కాబట్టి ముప్ఫై ఏళ్ళ వయసు నుంచే మనకు మనం దాచుకోవాలి. కుర్రాళ్ళు ముందు కారు కొంటారు. కొననివ్వండి. రెండో కారు కొంటున్నప్పుడు మాత్రం ఎవరైనా ఆపాలి.

ఇంటి సంగతి. ఇప్పుడు ఓడల్లో ఇంటర్నెట్ ఉంది, వీడియో కాల్ ఉంది. మా రోజుల్లో రేవులో ఫోన్ బూత్ ముందు చిల్లర పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. నయమేనా అంటే సగమే నయం. నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చారన్న వార్త ఇప్పుడు పసిఫిక్ మధ్యలో ఉండగానే తెలుస్తుంది. ఒడ్డు చేరడానికి మాత్రం అప్పటిలాగే పది రోజులు పడుతుంది. పైగా పని అయ్యాక నలుగురూ మెస్ రూములో కూర్చుని పేకాడుకునే అలవాటు పోయింది. ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోన్లో వాళ్ళు. ఓడలో ఒంటరితనం పెరిగిందని నా అభిప్రాయం. భార్య సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లల స్కూలు, అత్తమామల మందులు, బ్యాంకు, గ్యాసు, అన్నీ ఆవిడే. సంబంధం చూసేటప్పుడు జీతం అడిగే పెద్దలు, అమ్మాయికి ఈ సంగతి చెప్పారా అని నేను అడుగుతుంటాను.

2020లో కరోనా వచ్చినప్పుడు దేశాలు తలుపులు మూసేశాయి. కాంట్రాక్టు అయిపోయినా దిగే వీల్లేక ఒక దశలో సుమారు నాలుగు లక్షల మంది నావికులు ఓడల మీదే ఉండిపోయారు. మన ఇళ్ళకు మందులు, గోధుమలు, గ్యాసు ఆగకుండా వచ్చాయంటే వాళ్ళు దిగకుండా నడిపినందుకే. ఇక దొంగలు. 2010 సెప్టెంబరులో సోమాలియా దొంగలు ఆస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడను పట్టుకున్నారు. మరుసటి ఏప్రిల్లో డబ్బు పుచ్చుకుని ఓడను వదిలారు గానీ ఏడుగురు భారతీయులను తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు. వాళ్ళు ఇల్లు చేరింది 2014 అక్టోబరు తర్వాత. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిప్పి పంపించాయి. ఇలాంటివి రోజూ జరగవు, కానీ ఉద్యోగంలో చేరేవాడికి ఇవి తెలిసి ఉండాలి, చేర్పించే తండ్రికి అంతకంటే ముందు తెలియాలి.

సముద్రం చాలనుకున్నవాడికి ఒడ్డున పని దొరుకుతుంది. రేవు పైలట్, సర్వేయర్, కంపెనీలో సూపరింటెండెంట్, కాలేజీలో పాఠాలు. పెద్ద సర్టిఫికెట్ చేతికొచ్చాక దిగితే ఈ తలుపులు సులువుగా తెరుచుకుంటాయి, మధ్యలో దిగితే కష్టం. ఇంకోటి, ఇంధనం మారుతోంది. 2020 జనవరి నుంచి ఓడల పొగలో గంధకం తగ్గించాలన్న నిబంధన వచ్చింది. ఇప్పుడు ఎల్‌ఎన్‌జీ, మెథనాల్‌తో నడిచే ఓడలు దిగుతున్నాయి, అమ్మోనియా వంతు వస్తోంది. 2050 ప్రాంతానికి ఓడల పొగను నికరంగా సున్నాకు తేవాలని 2023లో ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఇవాళ పద్దెనిమిదేళ్ళున్న కుర్రాడు అప్పటికి నలభై దాటిన చీఫ్ ఇంజనీరు. నేను చూసిన ఇంజను గది వాడు చూడడు. చదువు ఆపితే కుదరదు.

చివరగా ఒక చిన్న పని చెబుతాను, దీనికి పెద్దగా ఖర్చు లేదు. ఫీజు కట్టే ముందు, అప్పు చేసే ముందు, అసలు ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టే ముందు, పిల్లవాడి కళ్ళు చూపించండి. డెక్ వైపు వెళ్ళాలంటే కళ్ళజోడు లేకుండా చూపు బాగుండాలి. ఇంజను వైపు కొంత వరకు కళ్ళజోడును ఒప్పుకుంటారు. రంగులు గుర్తుపట్టలేనివాడు రెండింటికీ పనికిరాడు. చుక్కల మధ్య అంకె కనిపించాల్సిన ఇషిహారా పుస్తకం చూపించి అడుగుతారు. ఎర్రకూ పచ్చకూ తేడా పోల్చుకోలేనివాణ్ణి ఇందాక చెప్పిన రాత్రి వాచ్‌లో ఎవరు నిలబెడతారు? మగపిల్లల్లో ఈ లోపం అరుదేమీ కాదు, ఇంటర్ దాకా ఇంట్లో ఎవరికీ తెలియకుండానే ఉండిపోతుంది. ప్రతి ఏడాదీ కోచింగుకు డబ్బు పోసి, పరీక్ష పాసై, మెడికల్‌లో ఆ పుస్తకం దగ్గర ఆగిపోయేవాళ్ళుంటారు. దగ్గర్లో ఉన్న కంటి డాక్టరు దగ్గరికి రేపే వెళ్ళినా సరిపోతుంది. కోర్సుకు కావలసిన సర్టిఫికెట్ మాత్రం డైరెక్టరేట్ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గరే తీసుకోవాలి. విశాఖలోనూ ఉన్నారు.